చిన్న రికార్డును చిన్నచూపు చూడవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత రికార్డుల సేకరణ గురించి వచ్చిన వ్యాసాన్ని చివరిదాకా చదివాను. పది పన్నెండు పాటలు పట్టే పెద్ద రికార్డులైన ఎల్పీలకు మళ్ళీ గిరాకీ రావడాన్ని, హైదరాబాదులో వాటి ధరలు పెరుగుతున్న తీరును, కొత్తగా కొనేవారు మోసపోకుండా చూసుకోవలసిన సంగతులను వ్యాసకర్త ఓపికగా వివరించారు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. కానీ ఏడంగుళాల సింగిల్ రికార్డుల దగ్గరకు వచ్చేసరికి, అవి ఎల్పీ కొనే స్తోమత లేనివారి కోసం తయారైన తునకలని, వాటిలోనూ కరేబియన్ ద్వీపమైన జమైకా దేశపు రాగ్గా, డాన్స్‌హాల్ అనే నాట్య సంగీతపు రికార్డులు వట్టి గోల కాబట్టి వాటికి అలమారలో చోటు దండుగని రెండు వాక్యాలలో తేల్చివేశారు. ఈ రెండు తీర్పులూ ఒకే లోపం నుంచి పుట్టినవి. సింగిల్ అనే వస్తువును ఎవరు, ఎక్కడ వాయించడానికి, ఎందుకు తయారు చేశారో పట్టించుకోనివారికి ఆ సంగీతం గోలగానే వినిపిస్తుంది.

నేను హనుమకొండ నక్కలగుట్ట నివాసిని. ఇక్కడి రీజినల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదువు ముగించుకొని, ఉద్యోగరీత్యా కొంతకాలం లండన్‌లో ఉండి తిరిగి వచ్చినవాడిని. అక్కడ మొదలైన జమైకా సింగిళ్ళ సేకరణను ఇక్కడికి వచ్చాక కూడా మానుకోలేదు. మీ పాఠకులకు నేను విన్నవించుకోదలచింది ఒక్కటే: జమైకా నాట్య సంగీతానికి సింగిల్ రికార్డే మూలప్రతి, ఎల్పీ అన్నది తర్వాత ఎవరో ఏరి కూర్చిన సంకలనం మాత్రమే.

వ్యాసకర్త అలా ఎందుకు అనుకున్నారో ఊహించడం కష్టం కాదు. మన దేశంలో ఏడంగుళాల రికార్డు అనగానే సినిమా ఈపీ కళ్ళముందు మెదులుతుంది. ఒక సినిమాలోని పాటలలో రెండో నాలుగో తీసి, కలకత్తా దగ్గర డమ్‌డమ్ కర్మాగారంలో అచ్చువేసి, హీరో హీరోయిన్ల బొమ్మ ఉన్న అట్ట తొడిగి అమ్మేవారు. అక్కడ సినిమా ముందు, రికార్డు తర్వాత. కాబట్టి మన ఈపీని తునక అంటే తప్పు పట్టలేము. జమైకాలో ఈ వ్యవహారం పూర్తిగా తలకిందులు. రాజధాని కింగ్‌స్టన్‌లో పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలు, ఆంప్లిఫయర్లు, ఒక రికార్డు వాయించే మనిషి, ఒక మైకు పట్టుకొనే మనిషి, ఇంతమంది కలిసిన బృందాన్ని సౌండ్ సిస్టమ్ అంటారు. ఖాళీ జాగాలో, ఆరుబయట, రాత్రంతా వాళ్ళు పాటలు వాయిస్తే జనం వచ్చి ఆడతారు. రేడియో పట్టించుకోని పాటలకు ఆ జాగాలే పరీక్షా కేంద్రాలు. నిర్మాత ఈ వారం తయారు చేసిన పాట వచ్చే వారం ఆ పెట్టెల మీద మోగాలి, జనం మెచ్చితే ఆ మరుసటి వారం దుకాణంలో ఉండాలి. అంత వేగానికి పన్నెండు పాటల ఎల్పీ పనికిరాదు. ఒక వైపు ఒక పాట, నిమిషానికి 45 చుట్లు, మూడు నాలుగు నిమిషాల నిడివి, బొమ్మ లేని ఖాకీ కాగితపు తొడుగు. అదే సింగిల్. డాన్స్‌హాల్ అన్న పేరు కూడా ఆ ఆటపాటల జాగా నుంచి వచ్చినదే. దానిలో 1980ల నడుమ నుంచి కంప్యూటరు, కీబోర్డు శబ్దాలతో తయారైన శాఖను రాగ్గా అని పిలిచారు.

ఆ మలుపు తెచ్చిన రికార్డు సంగతి కొంచెం వివరంగా చెప్పడం అవసరం. జపాను సంస్థ కాసియో 1980ల ఆరంభంలో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డును మార్కెట్లోకి తెచ్చింది. ఇంట్లో పిల్లలు వాయించుకొనే సరుకు అది. మీట నొక్కితే తానంతట తానే తాళం, మంద్ర స్వరాలు మోగించే కొన్ని తయారు నమూనాలు అందులో ఉండేవి. వాటిలో రాక్ అన్న పేరున్న నమూనాను రూపొందించినది హిరోకో ఒకుడా అనే యువతి. సంగీత కళాశాలలో చదివేటప్పుడు జమైకాలో పుట్టిన రెగ్గే సంగీతం మీదనే పరిశోధన వ్యాసం రాసి, ఆ వెంటనే కాసియోలో ఉద్యోగంలో చేరిన మనిషి ఆమె. ఆ కీబోర్డు ఒకటి కింగ్‌స్టన్‌లో నోయెల్ డేవీ అనే కుర్రవాడి చేతికి చేరింది. అతడూ, గాయకుడు వేన్ స్మిత్ కలిసి దానితో కుస్తీ పడుతుండగా ఈ నమూనా బయటపడింది. వాటర్‌హౌస్ పేటలో స్టూడియో నడిపే కింగ్ జామీ దాని వేగాన్ని తగ్గించి, మీద పియానో, చప్పట్లు చేర్చి, వేన్ స్మిత్ చేత పాడించాడు. 1985 ఫిబ్రవరి 23న కింగ్‌స్టన్ వాల్తమ్ పార్క్ రోడ్డులో జామీ సౌండ్ సిస్టమ్‌కూ, బ్లాక్ స్కార్పియో అనే మరో సౌండ్ సిస్టమ్‌కూ పోటీ జరిగినప్పుడు ఈ పాటను మోగించారు. ఆ రాత్రితో పోటీ తేలిపోయింది. డ్రమ్ములు, మంద్ర స్వరాలు పలికే బాస్ గిటారు వాయించే మనుషులు లేకుండా, చేతిలో పట్టే యంత్రం ఒక్కటే మొత్తం దరువును మోయగలదని తెలిసిన తర్వాత ద్వీపంలోని నిర్మాతలందరూ ఆ దారి పట్టారు. స్లెంగ్ టెంగ్ పేరుతో ప్రసిద్ధమైన ఆ దరువు మీద తరువాతి కాలంలో వందల పాటలు వచ్చాయి.

ఇక్కడే అసలు విషయం ఉంది. వందల పాటలు ఒకే దరువు మీద ఎలా వస్తాయి, అలా వస్తే దానిని కాపీ అనరా అని మనవాళ్ళు అడుగుతారు. జమైకాలో నిర్మాత ముందుగా డ్రమ్ములు, బాస్, రెండు మూడు వాద్యాలతో ఒక దరువును తయారు చేయించి పెట్టుకుంటాడు. వాళ్ళు దానిని రిడిమ్ అంటారు, దానికొక పేరు పెడతారు. ఆ తర్వాత గాయకులను, మైకు మీద లయబద్ధంగా మాటలల్లే డీజేలను ఒక్కొక్కరినే పిలిచి ఆ దరువు మీద ఎవరి పాట వారి చేత పాడిస్తాడు. ప్రతి పాటా వేరే సింగిల్‌గా వస్తుంది. వరంగల్లు జిల్లా పాఠకులకు ఇది కొత్తగా తోచవలసిన పని లేదు. బతుకమ్మ నాడు ఉయ్యాలో వరుస మీద ఒక వాడ ఆడవాళ్ళు ధర్మాంగుడి కథ పాడుతుంటే, పక్క వాడలో అదే వరుస మీద కోడళ్ళ కష్టాలో, ఆ ఏటి వానల సంగతో అల్లి పాడుతుంటారు. వరుస ఒకటే కదా అని ఎవరూ ఎవరినీ దొంగ అనరు. ఎవరు ఎంత బాగా అల్లారన్నదే చూస్తారు. జమైకా శ్రోత కూడా అదే చూస్తాడు. అందుకే అక్కడ రికార్డులు వాయించే మనిషి ఒకే దరువు మీది సింగిళ్ళను పదీ పదిహేనూ వరుసగా పేర్చుకొని, ఒకదాని వెంట ఒకటి ఆపకుండా వాయిస్తాడు. దరువు మారదు, గొంతులు మారతాయి, పేచీ మారుతుంది, ఒక పాటకు మరొక పాట జవాబు చెబుతుంది.

1988లో గస్సీ క్లార్క్ అనే నిర్మాత తన మ్యూజిక్ వర్క్స్ లేబుల్ మీద, అంటే తన రికార్డు సంస్థ పేరు మీద తెచ్చిన ఒక దరువును తీసుకుందాం. దాని మీద గ్రెగరీ ఐజాక్స్ పాడిన పాట, తన మీద ఊళ్ళో పుకార్లు పుట్టించవద్దని వేడుకొనే మనిషి గోడు. అదే దరువు మీద జేసీ లాడ్జ్ అనే గాయని పాడినది టెలిఫోనులో నడిచే ప్రేమ ముచ్చట. ఒకరిది దిగులు, మరొకరిది మురిపెం. రెండింటికీ కింద అదే బాస్ నడక. ఈ రెండు సింగిళ్ళను పక్కపక్కన పెట్టుకొని ఒకదాని తర్వాత ఒకటి వినే వరకు ఆ నిర్మాత పనితనం ఎంతటిదో చెవికి తెలియదు. ఐజాక్స్ ఎల్పీ ఒక్కటే కొన్నవారికి ఐజాక్స్ పది పాటలు దొరుకుతాయి గానీ ఈ జత దొరకదు. కనుక ఈ సంగీతాన్ని గాయకుడి పేరు మీద కాక దరువు పేరు మీద సర్దుకొనే సేకరణదారులు చాలామంది. నా అలమార కూడా అలాగే ఉంటుంది. ఇంటికి వచ్చిన బంధువులకు అది అస్తవ్యస్తంగా కనిపిస్తుంది, అది వేరే సంగతి.

దరువుల ఆయుష్షు కూడా ఆశ్చర్యపరుస్తుంది. విన్‌స్టన్ రైలీ నిర్మాతగా, టెక్నిక్స్ లేబుల్ మీద, 1973లో యాన్సెల్ కాలిన్స్ వాయించిన స్టాలాగ్ అనే వాద్య సంగీతం ఉంది. పన్నెండేళ్ళ తర్వాత, 1985లో, టెనర్ సా అనే యువ గాయకుడు అదే దరువు మీద పాడిన పాట సౌండ్ సిస్టమ్ పోటీలకే ప్రమాణ గీతంగా నిలిచిపోయింది. ఈ నడుమ 1982లో అదే దరువు మీద సిస్టర్ నాన్సీ పాడిన పాట ఈనాటికీ ప్రపంచమంతటా మోగుతోంది. నిజానికి ఆ పాట మొదట ఆమె ఎల్పీలోనే వచ్చింది కనుక నా సూత్రానికి మినహాయింపులు లేవని నేను అనను. అయినా ఒక్క మినహాయింపు కోసం మొత్తం సూత్రాన్ని వదులుకోలేము.

ఇక రెండో వైపు. మన ఈపీ తిప్పితే ఇంకో పాట ఉంటుంది. జమైకా సింగిల్ తిప్పితే సాధారణంగా అదే పాట గొంతు లేకుండా, దరువు మాత్రమే ఉంటుంది. దానిని వర్షన్ అంటారు. ఈ ఆనవాయితీకి మూలంగా చెప్పే ఉదంతం 1960ల చివరినాటిది. స్పానిష్ టౌన్‌లో సౌండ్ సిస్టమ్ నడిపే రడీ రెడ్‌వుడ్ కోసం డ్యూక్ రీడ్‌కు చెందిన ట్రెజర్ ఐల్ స్టూడియోలో బైరన్ స్మిత్ అనే ఇంజనీరు, ప్యారగన్స్ బృందం పాడిన ఒక పాటను పలక మీద చెక్కుతూ, గొంతు ఉన్న ట్రాకును కలపకుండా వదిలివేశాడట. రెడ్‌వుడ్ దానిని పారవేయకుండా ఆ రాత్రి ముందు మామూలు పాట, వెనువెంటనే ఈ గొంతులేని పాట వాయించాడు. ఖాళీగా ఉన్న చోట జనమే పాడుకున్నారు. అప్పటి నుంచి రెండో వైపున గొంతు తీసేసిన ప్రతిని అచ్చువేయడం రివాజైంది. దాని మీద మైకు పట్టినవాడు తన మాటలు అల్లాడు. డీజే కళ అలా బలపడింది. కింగ్ టబ్బీ వంటి ఇంజనీర్లు ఆ గొంతులేని ప్రతిలో వాద్యాలను ఒక్కొక్కటిగా దించుతూ, లేపుతూ, ప్రతిధ్వనులు చేరుస్తూ డబ్ అనే ప్రత్యేక శాఖనే సృష్టించారు. ఇప్పుడు ఇంటర్నెట్టులో దొరికే పాటలలో చాలా వాటికి మొదటి వైపు మాత్రమే ఎక్కించి ఉంటుంది. రెండో వైపు కావాలంటే సింగిల్ కావాలి. వ్యాసకర్త తునక అన్న వస్తువులో నిజానికి ఒక పాటా, దాని అస్థిపంజరమూ రెండూ ఉన్నాయి.

రికార్డు నడుమ అంటించే లేబుల్ కాగితాన్ని చదవడం కూడా ఒక విద్యే. ఏమీ అచ్చువేయకుండా ఖాళీగా ఉండే తెల్ల లేబుల్ మొదలుకొని, ఒకరి పేరు బదులు మరొకరి పేరు అచ్చయిన లేబుల్ వరకు అన్ని రకాలూ ఉన్నాయి. నిర్మాత పేరు పెద్ద అక్షరాలలో, గాయకుడి పేరు చిన్న అక్షరాలలో, వాయించినవారి పేర్లు అసలే లేకుండా ఉండడం సర్వసాధారణం. అందుచేత లేబుల్‌ను మాత్రమే నమ్మితే చాలదు. ముల్లు నడిచే గాడి ముగిసి లేబుల్ మొదలయ్యే నడుమ నున్నటి భాగంలో చేత్తో గీసిన అంకెలు, అక్షరాలు ఉంటాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే కనిపించే ఆ గీతలను మాట్రిక్స్ సంఖ్య అంటారు. ఏ నిర్మాత పని, మొదటి అచ్చా, తర్వాతి అచ్చా, రెండు వేర్వేరు లేబుళ్ళ కింద వచ్చినది ఒకే పాటా అన్న సందేహాలను చాలావరకు ఆ గీతలే తీరుస్తాయి. ఇది సేకరణదారుల చాదస్తమని కొట్టిపారవేయడానికి వీలులేదు. స్టీలీ అండ్ క్లీవీ అన్న పేరుతో పనిచేసిన వైక్లిఫ్ జాన్సన్, క్లీవ్‌లాండ్ బ్రౌన్ అనే ఇద్దరు 1989లో ఫిష్ మార్కెట్ అనే దరువును తయారు చేశారు. స్పానిష్ భాషలో ప్రపంచమంతటా అమ్ముడవుతున్న రెగ్గేటన్ సంగీతపు తాళానికి మూలం ఆ దరువేనంటూ, ఆ సంగీతంలోని పేరున్న గాయకుల మీద 2021లో అమెరికాలోని కాలిఫోర్నియాలో దావా పడింది. కోట్ల డాలర్ల వ్యాపారం నడిచే సంగీతానికి పునాది ఎవరు వేశారన్న వాదన చివరకు ఎక్కడికి వచ్చి ఆగుతుంది? ఎప్పుడో అచ్చయిన ఏడంగుళాల రికార్డు దగ్గరకే.

ఈ రికార్డుల లోపాలను దాచి పొగడడం నా ఉద్దేశం కాదు. జమైకా అచ్చు నాణ్యత అంతంతమాత్రం. నడుమ రంధ్రం ఒక పక్కకు జరిగి పాట సాగినట్టు వినిపించేవి, కొత్తవే అయినా చిటపటలాడేవి, అరిగిన అచ్చుదిమ్మె మీద తీసినందువల్ల గొంతు బొంగురుపోయినవి కొల్లలు. దుమ్ము పట్టే కాగితపు తొడుగు వాటిని ఇంకా గీకుతుంది. పైగా మన దగ్గర మరో చిక్కు ఉంది. మన ఈపీల నడుమ సన్నని రంధ్రం ఉంటే, జమైకా సింగిళ్ళకు దాదాపు 38 మిల్లీమీటర్ల పెద్ద రంధ్రం ఉంటుంది. 1949లో అమెరికాలో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ 45 చుట్ల రికార్డును తెచ్చినప్పటి కొలత అది. మామూలు టర్న్‌టేబుల్ మీద పెట్టాలంటే నడుమ ఒక బిళ్ళ, అంటే అడాప్టర్ కావాలి. నేను వరంగల్లులో ఒక లేత్ మిషను మేస్త్రీ దగ్గరకు వెళ్ళి, నైలాను కడ్డీని కోయించి, లోపలి రంధ్రం, బయటి చుట్టుకొలత కచ్చితంగా తీయించుకున్నాను. వెంట్రుకవాసి తేడా వచ్చినా పాట ఊగుతుందని చెబితే, పంపు మోటార్లకు బుష్షులు తీసే ఆయన నన్ను ఎగాదిగా చూసి, అంతకన్నా సన్నని పని తాను రోజూ చేస్తానని చెప్పి చేసిచ్చాడు. విదేశాల నుంచి తెప్పించిన అడాప్టర్ల కంటే అది నిలకడగా తిరుగుతోంది.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. వేసవిలో 45 డిగ్రీలకు చేరే ఊరిలో, మూసి ఉన్న కారులోనో, రేకుల కప్పు కింద గదిలోనో రికార్డును వదిలితే అది అప్పడంలా వంకర తిరుగుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా, మరీ బిగువు కాకుండా, మరీ వదులు కాకుండా సర్దాలి. వానాకాలంలో కాగితపు తొడుగులకు బూజు, చెదలు పడతాయి కనుక అసలు తొడుగును విడిగా దాచి, రికార్డుకు ప్లాస్టిక్ లోతొడుగు వేయడం మేలు. పాత బరువైన ముల్లు ఉన్న ప్లేయర్ మీద వీటిని వాయించవద్దు.

వీటిని ఎలా కొనేవారో చెబితే ఆ సంస్కృతి కొంత అర్థమవుతుంది. లండన్‌లో క్లాపమ్ జంక్షన్‌లోని డబ్ వెండర్ వంటి దుకాణాలలో, కింగ్‌స్టన్ నుంచి పెట్టెలు దిగిన రోజున కౌంటరు ముందు జనం గుమిగూడేవారు. కౌంటరు వెనుక మనిషి కొత్త సింగిల్‌ను టర్న్‌టేబుల్ మీద పెట్టి కొన్ని క్షణాలు వినిపించేవాడు. కావలసినవారు చేయెత్తాలి. ఆలోచించుకునేలోగా తర్వాతి రికార్డు మొదలయ్యేది. ఏ పాట ఎవరికి నచ్చిందో చుట్టూ ఉన్నవారి ముఖాలలోనే తెలిసేది. ఇవాళ ఆ పద్ధతి దాదాపు అంతరించింది. కొత్త దరువులు ఇప్పుడు నేరుగా కంప్యూటరు ఫైళ్ళుగానే విడుదలవుతున్నాయి. ఆ తర్వాతి తరం సంగీతాన్ని నేను తక్కువ చేయడం లేదు గానీ, రెండో వైపు లేని ఫైలును సేకరించాలన్న కోరిక మాత్రం నాకు కలగలేదు.

గోల అన్న మాటకు ఇప్పుడు వస్తాను. నిమజ్జనాలప్పుడు, పెళ్ళి బరాత్‌లప్పుడు మన చౌరస్తాలలో కిటికీ అద్దాలు అదిరే మోతను విన్నవారికి బాస్ అంటేనే భయం పుట్టడం సహజం. ఆ మోతను నేనూ సమర్థించను. కానీ డాన్స్‌హాల్ పాటలో బాస్ పెంచిన శబ్దం కాదు, అది పాట నడిచే నేల. ఇంట్లో తక్కువ శబ్దంతో విన్నా ఆ నడక తెలుస్తుంది. పైగా ఈ సంగీతం మనకు బొత్తిగా పరాయిదని అనుకోవడం కూడా సరికాదు. 1845 మే నెలలో బ్లండెల్ అనే ఓడలో మొదటి భారతీయ కూలీలు జమైకా తీరంలో దిగారు. 1917లో ఆ వలస ఆగేలోగా 36 వేల మందికి పైగా వెళ్ళారు. 1980లలో, 90లలో డాన్స్‌హాల్‌ను ఏలిన డీజేలలో ఒకడైన సూపర్ క్యాట్, అసలు పేరు విలియం మారా, ఆ భారతీయ రక్తం పంచుకున్నవాడే. అతనికి వైల్డ్ అపాచీ అన్న బిరుదు ఉండేది. బర్మింగ్‌హామ్ నగరంలోని హ్యాండ్స్‌వర్త్‌లో పంజాబీ ఇంట పుట్టిన స్టీవెన్ కపూర్ అనే యువకుడు ఆ బిరుదు మీది అభిమానంతోనే అపాచీ ఇండియన్ అని పేరు పెట్టుకొని, పంజాబీ మాటలను జమైకా యాసలో కలిపి 1990లో తొలి సింగిల్ తెచ్చాడు. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులలో అతని పాటలు మన ఊళ్ళలోనూ మోగిన సంగతి ఇప్పుడు నలభై దాటినవారికి గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత లెంకీ అని పిలిచే స్టీవెన్ మార్స్‌డెన్ చప్పట్ల మీద నడిచే ఒక దరువును తయారు చేసి దానికి దీవాలీ అని మన పండుగ పేరే పెట్టాడు. దాని మీద షాన్ పాల్ పాడిన పాట 2003లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అదే దరువు మీద వేన్ వండర్ పాడిన ప్రేమ పాట, మరెందరో పాడిన పాటలు ఏడంగుళాల సింగిళ్ళుగా వరుసకట్టి వచ్చాయి. దీపావళికి మా ఇంట్లో వాటిని వాయించడం పరిపాటి, కాకరపువ్వొత్తుల నడుమ పిల్లలు ఆ చప్పట్లు ఇట్టే పట్టుకుంటారు.

సాహిత్యం గురించిన ఆక్షేపణను మాత్రం నేను తోసిపుచ్చను. ఈ పాటలలో తుపాకుల ప్రగల్భాలు, ఆడవారిని చులకన చేసే మాటలు, స్వలింగ సంపర్కుల మీద ద్వేషం ఉన్నవి తక్కువేమీ కాదు. అలాంటి పాటల మీద బ్రిటన్‌లోనూ ఇతర దేశాలలోనూ గట్టి ఉద్యమం నడిచింది, కచేరీలు రద్దయ్యాయి. బుజు బాంటన్ అనే గాయకుడు తన తొలినాళ్ళలో పాడిన అటువంటి పాటను 2019లో తన పాటల జాబితా నుంచి స్వయంగా తొలగించుకున్నాడు. నా దగ్గర కూడా వాయించని వైపులు ఉన్నాయి. వాటి వెనుక వైపున ఉన్న గొంతులేని దరువును వాయిస్తాను. ఒక పాట మాటలు హేయమైనంత మాత్రాన మొత్తం సంగీతం గోల అనడం న్యాయం కాదు. 2018లో యునెస్కో జమైకా రెగ్గే సంగీతాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వారసత్వంలో అధిక భాగం మొదట ఈ ఖాకీ తొడుగులలోనే బయటికి వచ్చింది.

దూరదేశం వారికి ఈ సేకరణ ఎందుకన్న ప్రశ్నకు జపాను మంచి జవాబు. అక్కడి యొకొహామా నగరానికి చెందిన మైటీ క్రౌన్ అనే సౌండ్ సిస్టమ్ 1999లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ పోటీలో గెలిచింది. జమైకాలోనే దొరకకుండా పోయిన సింగిళ్ళను వెతికి, హక్కుదారుల అనుమతితో టోక్యోలో మళ్ళీ ఏడంగుళాల రికార్డులుగా అచ్చువేస్తున్నవారు ఉన్నారు. వాళ్ళలో ఎవరికీ ఈ సంగీతం తాతల నాటి ఆస్తి కాదు. శ్రద్ధతో దాచినవారి దగ్గర అది నిలిచింది, అంతే.

కాబట్టి మీ పత్రికకు నా విన్నపం ఇది. ఇకపై రికార్డుల గురించి రాసినప్పుడు, బొమ్మ పక్కన ధర వేయడంతో సరిపెట్టకుండా లేబుల్ పేరు, నిర్మాత పేరు, వాయించినవారి పేర్లు తెలిస్తే అవి, రెండో వైపున ఏముందో కూడా వేయండి. ధర వచ్చే నెలకు మారుతుంది, ఆ వివరాలు మారవు. గోడకు తగిలించుకొనే అలంకారంగా రికార్డులు కొనేవారిని నేను ఏమీ అనలేను గానీ, పత్రిక కూడా వారి కొలబద్దతోనే కొలవడం తగదు.

మీ పాఠకులలో పిల్లలు బర్మింగ్‌హామ్‌లోనో, లండన్‌లోనో, న్యూయార్కు బ్రూక్లిన్‌లోనో చదువుకుంటున్న వారు మన వరంగల్లు, కరీంనగర్ జిల్లాలలో ఎంతోమంది ఉన్నారు. కరేబియన్ జనం ఎక్కువగా నివసించే ఆ పేటలలోని పాత సామాను దుకాణాలలో, తొడుగు కూడా లేని సింగిళ్ళు ఇప్పటికీ అట్టపెట్టెలలో పడి ఉంటాయి. పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు వాటిలో కొన్ని తెమ్మని చెప్పండి. పేరు లేని తెల్ల లేబుల్‌ను చూసి వెనక్కి పెట్టవద్దని, వెలుతురుకు పట్టి నడుమ గీసిన అంకెలు చదవమని, పైపై సన్నని గీతలకు భయపడకుండా లోతుగా కోసిన గీతలున్న వాటిని మాత్రం వదిలేయమని, పెట్టెలో రెండు గట్టి అట్టల నడుమ నిలువుగా పెట్టి తెమ్మని చెప్పండి. పెద్ద రంధ్రానికి బిళ్ళ కావలసినవారికి లేత్ మిషను కొలతలు ఇవ్వడానికి నేను సిద్ధం. మీ కార్యాలయం ద్వారా ఉత్తరం రాస్తే చాలు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నక్కలగుట్ట, హనుమకొండ.